మెరిసే బోర్డు కాదు.. మన్నే బోర్డు కొనండి

ఇంట్లో 'గేమింగ్ కంప్యూటర్ కావాలి' అని అడిగితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. అందుకే చాలామంది 'వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటా, ఫ్రీలాన్సింగ్ చేస్తా, ఉద్యోగం వచ్చేలోపు నా ఖర్చులు నేనే చూసుకుంటా' అని అడుగుతారు. అందులో అబద్ధం ఏమీ లేదు. గేమ్ ఆడాలనీ ఉంటుంది, నాలుగు రూపాయలు సంపాదించాలనీ ఉంటుంది. ఆ మాట నమ్మే నాన్న చీటీ ఎత్తుతారు. అమ్మ దాచుకున్న డబ్బు బయటికి తీస్తుంది.

ఆ డబ్బు దుకాణంలో ఎలా ఖర్చవుతుందో గమనించండి. గ్రాఫిక్స్ కార్డు గురించి రెండు నెలలు వీడియోలు చూసి ఉంటారు. ప్రాసెసర్ గురించి స్నేహితులతో వాదించి ఉంటారు. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే మాటలు వినిపిస్తాయి. 'ఏదో ఒకటి వేసేయండన్నా, డబ్బులు అయిపోయాయి' అనేది ఒకటి. 'లైట్లు వచ్చేది, కాస్త గ్రాండ్‌గా ఉండేది ఇవ్వండి' అనేది రెండోది. మొదటి మాటతో మరీ నాసి బోర్డు వస్తుంది. రెండో మాటతో అవసరం లేని బోర్డు వస్తుంది. రెండిట్లోనూ నష్టపోయేది మీరే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగ వేటలో ఉన్న విద్యార్థికి మధ్యస్థ ధరలో దొరికే, కరెంటు విభాగం గట్టిగా ఉన్న, ఇంకో ప్రాసెసర్‌కు దారి మిగిల్చే బోర్డు చాలు. అంతకంటే తక్కువైతే పని ఆగుతుంది. అంతకంటే ఎక్కువ పెడితే ఆ డబ్బు తిరిగి రాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

బోర్డు ఏం చేస్తుంది? ఏం చేయదు?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఖరీదైన బోర్డు వేస్తే గేమ్‌లో ఫ్రేములు పెరగవు. ఒకే ప్రాసెసర్, ఒకే గ్రాఫిక్స్ కార్డు, ఒకే ర్యామ్ తీసుకుని రెండు మంచి బోర్డుల మీద పెట్టి చూస్తే వచ్చే తేడా కంటికి ఆనదు. వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యే సమయమూ అంతే. వేగం ఇచ్చేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. వాటికి సరిపడా కరెంటు ఇచ్చి, డేటా అటూ ఇటూ పోయే దారులు ఇచ్చేది బోర్డు.

కాబట్టి మంచి బోర్డు మీ కంప్యూటర్‌ను పరుగెత్తించదు. చెడ్డ బోర్డు మాత్రం కచ్చితంగా వెనక్కి లాగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ర్యామ్ మార్చడం పది నిమిషాల పని. గ్రాఫిక్స్ కార్డు మార్చడం పావుగంట. బోర్డు మార్చాలంటే డబ్బా మొత్తం విప్పాలి. చాలాసార్లు ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాల్సి వస్తుంది. అంటే తర్వాత మార్చుకుందాంలే అనుకోవడానికి వీల్లేని భాగం ఇదే. అందుకే ఎంపికలో చివరికి నెట్టకూడదు.

మొదటి ప్రశ్న: ఈ సాకెట్ ఎన్నాళ్లు?

బోర్డు కొంటున్నామంటే నిజానికి ఒక సాకెట్ కొంటున్నాం. అందులో ఈ రోజు ఏ ప్రాసెసర్ పడుతుందన్నది ఎంత ముఖ్యమో, మూడేళ్ల తర్వాత ఏది పడుతుందన్నదీ అంతే ముఖ్యం.

దీనికి మంచి ఉదాహరణ ఏఎండీ వారి ఏఎం4 సాకెట్. 2017లో మొదటి తరం రైజెన్‌తో పాటు బి350 బోర్డు కొన్నవాళ్లలో చాలామందికి, ఐదేళ్ల తర్వాత 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకునే అవకాశం దొరికింది. బోర్డు కంపెనీ కొత్త బయోస్ ఇస్తే చాలు. బోర్డు, ర్యామ్ అవే. ప్రాసెసర్ ఒక్కటే మారింది. ఇంటెల్ వైపు చూస్తే 2020లో ఎల్‌జీఏ1200 వచ్చింది, 2021లో ఎల్‌జీఏ1700, 2024లో ఎల్‌జీఏ1851. ఒక దాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పట్టదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఇవి. ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 దాకా, ఆ తర్వాత కూడా దీనికి మద్దతు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇందులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఎల్‌జీఏ1700లో 12, 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు పడతాయి. ఏఎం4 ఇంకా దొరుకుతుంది, డీడీఆర్4 ర్యామ్‌తో తక్కువలో అయిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, బడ్జెట్ అందితే, నా ఓటు ఏఎం5కే. ఈ రోజు రైజెన్ 5 7600 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్‌తో మొదలుపెట్టొచ్చు. రెండు మూడేళ్ల తర్వాత సొంత జీతంతో ఎనిమిదో పన్నెండో కోర్లున్నది తెచ్చి అదే బోర్డులో పెట్టుకోవచ్చు. బడ్జెట్ అందకపోతే ఏఎం4, ఎల్‌జీఏ1700 తప్పేమీ కాదు. కానీ అవి దారి చివర ఉన్న సాకెట్లని తెలిసి కొనండి. అప్పుడు 'తర్వాత అప్‌గ్రేడ్ చేసుకుంటా' అనే పేరుతో ఖరీదైన బోర్డు తీసుకోకండి.

ఇంటెల్ ప్రాసెసర్ ఎంచుకోవడానికి ఎడిటింగ్ పరంగా ఒక గట్టి కారణం ఉంది. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో వచ్చే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజీని సాఫీగా విప్పగలదు. ఇలాంటి ఫుటేజీ టైమ్‌లైన్ మీద పెడితే చాలా కంప్యూటర్లు నత్తనడక నడుస్తాయి. మీకు పని ఇచ్చేవాళ్లు అలాంటి ఫైళ్లే పంపుతుంటే, పేరు చివర 'ఎఫ్' అక్షరం లేని ఇంటెల్ ప్రాసెసర్ తీసుకోండి. 'ఎఫ్' ఉంటే ఆ సొంత గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువని అదే అంటగడతారు, జాగ్రత్త. గ్రాఫిక్స్ కార్డు విషయానికొస్తే, ఎన్విడియా 50 సిరీస్ కార్డులు కూడా ఈ ఫుటేజీని విప్పుతాయి. అంతకు ముందువి విప్పవు.

రెండో ప్రశ్న: కరెంటు విభాగం తట్టుకుంటుందా?

ట్రిపుల్ఈ, ఈసీఈ వాళ్లకు ఇది తెలిసిన పాఠమే. పవర్ సప్లై నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది సుమారు ఒకటి, ఒకటింబావు వోల్టులు. ఈ తగ్గించే పని చేసేదే వీఆర్‌ఎం. మన పవర్ ఎలక్ట్రానిక్స్ పుస్తకంలోని బక్ కన్వర్టర్‌నే పది పన్నెండు పక్కపక్కన పేర్చినట్టు అనుకోండి. ప్రాసెసర్ చుట్టూ, లోహపు దిమ్మెల కింద ఉండేది అదే.

చిన్న లెక్క వేద్దాం. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది. అదంతా 1.2 వోల్టుల దగ్గరే వెళ్తుందనుకుంటే 73 ఆంపియర్లు. రైజెన్ 9 7950ఎక్స్ గరిష్ఠం 230 వాట్లు. అంటే 190 ఆంపియర్ల పైమాటే. మార్పిడిలో పదో వంతు వేడిగా పోయినా 20 వాట్లు దాటుతుంది. మన ల్యాబ్‌లో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అంత వేడి బోర్డు మీద ఒక మూలన పుడుతూ ఉంటుందన్నమాట.

గేమింగ్‌కు, ఎడిటింగ్‌కు అసలు తేడా ఇక్కడే. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్‌లోని కోర్లన్నీ నూటికి నూరు శాతం పనిచేయడం అరుదు. బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది. కానీ పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టారనుకోండి, సాఫ్ట్‌వేర్‌ను బట్టి అన్ని కోర్లూ గంట సేపు ఆగకుండా పనిచేయొచ్చు. నాసి వీఆర్‌ఎం ఉన్న బోర్డు మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత వేడెక్కి, హద్దు దాటాక, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఈ పది నిమిషాలు కూడా దక్కవు. విదేశీ సమీక్షల్లో చల్లటి గదిలో చేసిన పరీక్షలు చూసి 'పర్లేదు' అనుకోకండి. మన గది వేడి వేరు.

మరి దుకాణంలో దీన్ని ఎలా గుర్తుపట్టాలి? వీఆర్‌ఎం మీద లోహపు హీట్‌సింక్ ఉందో లేదో చూడండి. ప్రాసెసర్‌కు ఎడమవైపూ పైవైపూ రెండుచోట్లా ఉంటే మంచిది. అసలే లేని బోర్డు మీద ఎడిటింగ్ ప్రాసెసర్ పెట్టొద్దు. అట్ట పెట్టె మీద '12+2', '14+2' అని రాసే ఫేజ్‌ల సంఖ్యను మాత్రమే నమ్మకండి. ఒక్కో ఫేజ్ ఎన్ని ఆంపియర్లు మోయగలదో తెలియకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీకి వెళ్లి, అది ఏ ప్రాసెసర్లకు మద్దతిస్తుందో జాబితా చూడండి. తర్వాత అదే బోర్డు మీద వీఆర్‌ఎం ఉష్ణోగ్రత కొలిచిన సమీక్ష ఒక్కటైనా చదవండి.

చిప్‌సెట్ భాషలో చెప్పాలంటే ఇంటెల్ వైపు హెచ్610, ఏఎండీ వైపు ఏ620, ఏ520 బోర్డులు చాలావరకు చిన్న ప్రాసెసర్ల కోసం చేసినవి. ఆఫీసు పనికి, మామూలు గేమింగ్‌కు సరిపోతాయి. ఎడిటింగ్ కూడా ఉందంటే బి760, బి650 లేదా బి850, ఏఎం4 అయితే బి550 దగ్గర మొదలుపెట్టండి. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ చేసే ఉద్దేశం లేకపోతే ఇంటెల్ జడ్790 అవసరమే లేదు. ఏఎండీలో అయితే బి శ్రేణిలోనే ఆ సౌకర్యం ఉంటుంది కాబట్టి ఎక్స్ శ్రేణికి వెళ్లే పని అంతకన్నా లేదు.

ర్యామ్ స్లాట్లు: నాలుగున్నాయని నాలుగూ నింపొద్దు

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున లాగేసుకోవడం ఒక ముఖ్య కారణం. కాబట్టి ఈ విభాగంలో తప్పు నిర్ణయం మునుపటికంటే ఖరీదు.

డీడీఆర్4, డీడీఆర్5 స్లాట్లు వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో ఒకే మోడల్ పేరుతో రెండు రకాలూ దొరుకుతాయి. పేరు చివర ఉండే 'డీ4' అనే రెండు అక్షరాలు గమనించకపోతే బోర్డు ఒకటి, ర్యామ్ ఇంకొకటి ఇంటికి వస్తాయి. పాత కంప్యూటర్‌లో మంచి డీడీఆర్4 స్టిక్‌లు ఉంటే, వాటిని వాడుకునే బోర్డు తీసుకోవడం ఇప్పుడు తెలివైన పనే.

ఎడిటింగ్‌కు 32 జీబీ లక్ష్యంగా పెట్టుకోండి. అది 16 జీబీ స్టిక్‌లు రెండుగా ఉండాలి, 8 జీబీవి నాలుగుగా కాదు. కారణం ఉంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన వేగం రెండు డీడీఆర్5 స్టిక్‌లు వేస్తే 5200. నాలుగు వేస్తే 3600. స్లాట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని తర్వాత ఇంకో రెండు కలిపితే వేగం పడిపోవచ్చు, ఒక్కోసారి కంప్యూటర్ స్థిరంగా ఉండకపోవచ్చు. ఇప్పుడు 32 జీబీకి డబ్బు చాలకపోతే 16 జీబీ స్టిక్ ఒకటి కొని, వీలైనంత త్వరగా అదే మోడల్ ఇంకొకటి కలపండి. ఈలోపు గేమింగ్‌లో కాస్త వేగం తగ్గుతుంది, పర్లేదు.

రెండు స్టిక్‌లను ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టమని దాదాపు అన్ని మాన్యువళ్లూ చెబుతాయి. పెట్టాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ఆప్షన్ ఆన్ చేయండి. చేయకపోతే 6000 వేగం అని డబ్బులిచ్చి కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది. చాలామంది ఇళ్లలో ఇప్పటికీ అలాగే నడుస్తోంది! హెచ్610 బోర్డులతో ఇంకో పరిమితి ఉంది. వాటిలో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, ర్యామ్ వేగాన్ని ఇలా పెంచుకునే వీలూ ఉండదు.

పెళ్లి వీడియో లెక్క

ఎన్ని డ్రైవ్ స్లాట్లు కావాలి, ఎంత వేగం కావాలి అనేది ఒక ఉదాహరణతో తేల్చేద్దాం. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే పని పెళ్లి వీడియోలు, యూట్యూబ్ ఛానళ్ల వీడియోలు అనుకుందాం. మిర్రర్‌లెస్ కెమెరాల్లో 4కె రికార్డింగ్‌కు సెకనుకు 100 మెగాబిట్లు మామూలు సంగతి. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో నాలుగేసి గంటలు తీస్తే 360 జీబీ. ఒక్క పెళ్లికి!

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, వేగం సమస్య కాదు. మూడు కెమెరాల ఫుటేజీ ఒకేసారి నడిచినా సెకనుకు 40 మెగాబైట్లు దాటదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 మెగాబైట్ల దాకా ఇస్తుంది. నాలుగో తరం ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు 7,000 దాకా వెళ్తాయి. కాబట్టి ఐదో తరం ఎం.2 స్లాట్ ఉందని చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే, మీ పనికి అది అక్కర్లేదని ధైర్యంగా చెప్పొచ్చు.

రెండో పాఠం, చోటే అసలు సమస్య. విండోస్, సాఫ్ట్‌వేర్లు ఒక డ్రైవ్‌లో ఉండాలి. కొన్ని గేములు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతున్నాయి. నడుస్తున్న ప్రాజెక్టులు వేరే డ్రైవ్‌లో ఉండాలి. అందుకే ఎం.2 స్లాట్లు కనీసం రెండు, సాటా పోర్టులు నాలుగు ఉన్న బోర్డు చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఈ సంగతి పెట్టె మీద ఉండదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనకముందే డౌన్‌లోడ్ చేసి చదవండి.

గ్రాఫిక్స్ కార్డు స్లాట్ గురించి ఒక్క మాట. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు పదహారు లేన్లకు బదులు ఎనిమిదే వాడతాయి. అలాంటి కార్డును పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో పెడితే దారి సగానికి తగ్గుతుంది. చాలా గేముల్లో తేడా కొద్దిగానే ఉంటుంది. కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోయిన సందర్భాల్లో మాత్రం ఆ తేడా తెలుస్తుంది. బి450 కంటే బి550 మేలని చెప్పడానికి ఇదొక కారణం.

వీటికి డబ్బు పెట్టకండి

లైట్లు: ఒక్క ఫ్రేము పెరగదు, ఒక్క నిమిషం కలిసిరాదు. ఇష్టమైతే తర్వాత లైట్ల పట్టీ ఒకటి అంటించుకోండి.

వేగవంతమైన లాన్ పోర్టు: ఇంటి ఇంటర్నెట్ 100, 200 మెగాబిట్ల ప్లాన్ అయితే 1 గిగాబిట్ పోర్టే చాలా ఎక్కువ. 2.5 గిగాబిట్ వస్తే మంచిదే, దానికోసం ప్రత్యేకంగా డబ్బివ్వక్కర్లేదు.

వైఫై: రూటర్ పక్కనే ఉంటే కేబుల్ వేసుకోండి. గేమింగ్‌కు అదే మేలు. హాస్టల్లోనో అద్దె గదిలోనో ఉంటే మాత్రం వైఫై ఉన్న బోర్డు తీసుకోవడంలో అర్థముంది.

పెద్ద సైజు: ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244. మీ దగ్గర గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఉంటుంది కాబట్టి చిన్నది సరిపోతుంది. ధరా తక్కువే.

పేరులో 'గేమింగ్': అది స్పెసిఫికేషన్ కాదు, స్టిక్కర్. ఆ పేరుతో మంచి బోర్డులూ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి.

మొత్తం బడ్జెట్‌లో బోర్డుకు 10 నుంచి 15 శాతం కేటాయించండి. ఇది నా లెక్క. 20 శాతం దాటుతోందంటే ఆగి, ఆ అదనపు డబ్బుకు ఏ పని జరుగుతుందో ఒక వాక్యంలో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే కింది మోడల్‌కు దిగండి.

బయోస్, బిల్లు, పిన్నులు

కొత్త ప్రాసెసర్‌కు పాత బయోస్ ఉన్న బోర్డు ఇస్తే కంప్యూటర్ తెరుచుకోదు. అందుకే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే బటన్ వెనకవైపు ఉందేమో చూడండి. బోర్డు కంపెనీ పాత మోడళ్లకు కూడా బయోస్‌లు ఇస్తూ ఉంటుందా అనేదీ చూడాలి. ఇది చిన్న విషయం కాదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల దెబ్బతిని అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. వాటి వారంటీని రెండేళ్లు పెంచింది. సవరణ మాత్రం వినియోగదారులకు బోర్డు కంపెనీల బయోస్ అప్‌డేట్ల ద్వారానే చేరింది. మీరు ఆ తరం ప్రాసెసర్ కొంటుంటే, మొదటి రోజే తాజా బయోస్ వేయండి. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. మధ్యలో ఆగితే బోర్డు మూగబోవచ్చు.

సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నారా? విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. వాలరెంట్ లాంటి గేములైతే విండోస్ 11లో టీపీఎంతో పాటు సెక్యూర్ బూట్ కూడా లేకపోతే నడవవు. పాత సర్వర్ ప్రాసెసర్‌తో, ఊరూ పేరూ లేని కంపెనీ బోర్డుతో 'పద్నాలుగు కోర్లు, చవక' అని అమ్మే సెట్లకు దూరంగా ఉండండి. అవి పాడైతే అడగడానికి ఎవరూ ఉండరు.

సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లోని దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఒక నియమం పెట్టుకోండి. 'బిల్లు వద్దంటే తగ్గిస్తా తమ్ముడూ' అంటే ఒప్పుకోవద్దు. కంప్యూటర్ భాగాలపై జీఎస్టీ 18 శాతం, కాబట్టి ఆశ కలగడం సహజం. కానీ బోర్డుకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. ఆ వారంటీకి మీ చేతిలో ఉండే ఆధారం బిల్లే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ఏఎం5, ఎల్‌జీఏ సాకెట్లలో సన్నటి పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ దాదాపు పోయినట్టే. దుకాణంలోనే ప్లాస్టిక్ మూత తీయించి, పిన్నులన్నీ తిన్నగా ఉన్నాయని చూసి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ మూతను పారేయకండి. బోర్డు సర్వీస్‌కు పంపేటప్పుడు మళ్లీ పెట్టాలి.

ఉద్యోగం వచ్చి ఊరు మారితే?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, మీరు అడగాలి. ఆరు నెలల్లో బెంగళూరు నుంచో పుణె నుంచో ఆఫర్ లెటర్ రావచ్చు. కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది. మీ డెస్క్‌టాప్ ఏమవుతుంది? మైక్రో ఏటీఎక్స్ బోర్డు, చిన్న క్యాబినెట్ అయితే వెంట తీసుకెళ్లడం తేలిక. బస్సులో పంపేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు విప్పి వేరే పెట్టెలో పెట్టండి. దారి కుదుపులకు ఆ బరువుతో బోర్డు మీది స్లాట్ విరిగితే బోర్డే మార్చాల్సి వస్తుంది. ఇంట్లో వదిలేసి వెళ్తే తమ్ముడో చెల్లో వాడుకుంటారు. అప్పుడు కూడా వాళ్లకు దారి మిగిల్చే సాకెట్ ఉండటం మంచిదే కదా.

ఇంకో లాభం కూడా ఉంది. బోర్డు ఎంపిక కోసం మాన్యువల్ చదివి, లేన్లు ఎలా పంచారో, కరెంటు ఎలా తగ్గిస్తున్నారో అర్థం చేసుకుంటే, హార్డ్‌వేర్, ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో మీ సొంత మాటల్లో చెప్పడానికి ఒక విషయం దొరుకుతుంది. 'పీసీ బిల్డ్ చేశాను' అని రెజ్యూమెలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఫలానా బోర్డునే ఎందుకు ఎంచుకున్నారో కారణాలతో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఎడిటింగ్ వైపే వెళ్లాలనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మీకు పని ఇచ్చేవాళ్లు మీ బోర్డు మోడల్ అడగరు. షోరీల్ అడుగుతారు. ఇచ్చిన తేదీకి పని ఇస్తారా లేదా చూస్తారు. ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోని కంప్యూటర్ దానికి కావాలి, మెరిసేది కాదు.

దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకోండి: సాకెట్ పేరు, వీఆర్‌ఎం మీద హీట్‌సింక్, ర్యామ్ రకం, రెండు ఎం.2 స్లాట్లు, బిల్లుతో మూడేళ్ల వారంటీ. ఈ ఐదూ ఉన్న బోర్డుల్లో తక్కువ ధరది తీసుకోండి. పెద్ద మోడల్‌కు పోకుండా మిగిలిన నాలుగైదు వేలు ఉంటాయి కదా, వాటిని గ్రాఫిక్స్ కార్డులో కలిపేయకండి. బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. మొదటి పెళ్లి ఫుటేజీ మీ చేతికి వచ్చిన రాత్రే అందులోకి కాపీ చేసి, ఆ తర్వాతే గేమ్ ఆడండి.